కింద గిన్నె... పైన గ్లాసు

సియాటిల్‌లో జాక్సన్ వీధి, రెయినియర్ అవెన్యూ కలిసే మూలన నేల మీద ఓ ఎర్ర పడవ కనిపిస్తుంది. నిజం పడవేం కాదు, పడవ ఆకారంలో కట్టిన బుల్లి కొట్టు. వియత్నాం నుంచి వచ్చిన థెరీసా కాట్ వూ, ఆగస్టీన్ నియెన్ ఫామ్ దంపతులు 1982లో అందులో హోటల్ పెట్టారు. మొదట అమ్మింది శాండ్‌విచ్‌లే. వారాంతాల్లో మాత్రం తమ దేశపు నూడుల్స్ పులుసు 'ఫో' కొంచెం వండి పెట్టేవాళ్లు. ఆ ఊళ్లో అప్పటికే స్థిరపడుతున్న వియత్నాం కుటుంబాలకు ఆ సంగతి తెలిసింది. శని, ఆదివారాల గిన్నె కోసం జనం క్యూ కట్టేసరికి శాండ్‌విచ్‌లు తప్పుకున్నాయి, బోర్డు మీద 'ఫో బాక్' మిగిలింది. సియాటిల్‌లో తొలి ఫో హోటల్ అదే అని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు.

ఇప్పుడు నడిపేది వాళ్ల పిల్లలు. కూతుళ్లు యెన్‌వీ, క్విన్‌వీ పేర్లు బయట ఎక్కువగా వినిపిస్తాయి. పడవ పక్కనే 'సూప్ షాప్' పేరుతో పెద్ద హోటల్ లేచింది. డౌన్‌టౌన్‌లో ఓ శాఖ తెరిచి, కరోనా తర్వాత దాని పైన ఏకంగా కాక్‌టెయిల్ బారు పెట్టారు. దాని పేరు 'ఫోసిఫిక్ స్టాండర్డ్ టైమ్'. అమెరికా పడమటి తీరపు గడియారం పేరులోకి అమ్మానాన్నల గిన్నెను దూర్చేశారన్నమాట. హోటళ్లవాళ్లు తమ ఆస్కార్లుగా భావించే జేమ్స్ బియర్డ్ పురస్కారాల పోటీలోకీ ఈ అక్కాచెల్లెళ్ల పేర్లు వెళ్లాయి.

నూడుల్స్ అమ్ముకునేవాళ్లకు బారెందుకని ముఖం చిట్లించేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉంటారు. పెద్దలు నిలబెట్టిన పేరును పిల్లలు షోకులకు వాడుకుంటున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. నాకైతే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తోంది. గిన్నెను బతికించేది ఆ గ్లాసే. ఎలాగో తెలియాలంటే ముందు గిన్నె కథ చూడాలి.

కావడి మీద వచ్చిన వంట

ఫో మరీ పురాతనమైన వంటేం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర వియత్నాంలో, హనోయ్‌కి దక్షిణాన ఉన్న నామ్ దిన్ ప్రాంతంలో పుట్టిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. అక్కడి వాన్ కూ అనే పల్లె ఫో వంటవాళ్లకు పేరు మోసింది. పశువులంటే అప్పటిదాకా అక్కడివాళ్లకు నాగలి కట్టే ఆస్తి. ఫ్రెంచి దొరలు వచ్చాక గొడ్డుమాంసానికి గిరాకీ పెరిగింది. కండ దొరల బల్లల మీదికి పోగా ఎముకలు చవగ్గా దొరికేవి. వాటిని రాత్రంతా మరిగించి, బియ్యపు నూడుల్స్ మీద ఆ రసం పోసి అమ్మడం మొదలైంది. అమ్మేవాళ్లు భుజాన కావడి వేసుకుని వీధుల్లో తిరిగేవాళ్లు. ఒక చివర నిప్పుల పొయ్యితో సహా డేగిసా, రెండో చివర నూడుల్స్, గిన్నెలు.

1954లో జెనీవా ఒప్పందంతో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరం నుంచి లక్షలమంది దక్షిణానికి వలసపోయారు. వాళ్లతోపాటే గిన్నె కూడా సైగాన్ చేరింది. ఉత్తరాదివాళ్లకు రసం తేటగా, ఉల్లికాడలు తప్ప మరే హంగూ లేకుండా ఉండాలి. దక్షిణాదివాళ్లు ఊరుకుంటారా! పక్కన పళ్లెం నిండా తులసి జాతి ఆకులు, పెసర మొలకలు, నిమ్మముక్కలు, పచ్చిమిర్చి, తియ్యటి హోయ్‌సిన్ సాసు చేర్చారు. అమెరికాలో ఈరోజు ఎక్కువ హోటళ్లలో బల్ల మీదికి వచ్చేది ఆ సైగాన్ పళ్లెం వారసత్వమే.

ఉత్తరాన మిగిలినవాళ్ల గిన్నెకు పాడురోజులు వచ్చాయి. యుద్ధం, ఆ తర్వాత రేషన్ కాలం. సర్కారు నడిపే ఫో కొట్లలో మాంసం కనపడేది కాదు. ఆకాశంలో పైలట్ లేకుండా తిరిగే అమెరికా నిఘా విమానాలను చూసి హనోయ్‌వాళ్లు ఆ గిన్నెకు 'పైలట్ లేని ఫో' అని పేరు పెట్టుకున్నారు. ఆకలిలోనూ హాస్యం చావని జాతి!

ఒక గవర్నర్ పిలుపు

1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. పడవల్లో, ఓడల్లో, విమానాల్లో బయటపడ్డ వేలమంది అమెరికా సైనిక శిబిరాల్లో గుడారాల కింద ఎదురుచూస్తున్నారు. కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ వాళ్లు రావడానికి సుముఖంగా లేరు. వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ డాన్ ఎవాన్స్ మాత్రం తన సహాయకుడు రాల్ఫ్ మన్రోను కాలిఫోర్నియాలోని పెండిల్టన్ శిబిరానికి పంపారు. మా రాష్ట్రానికి రండి అని ఆహ్వానించారు. తొలి విడతలో 500 మంది వరకు అలా వచ్చారు, తర్వాత వేలమంది. సియాటిల్ చైనాటౌన్‌కి తూర్పున, అద్దెలు తక్కువగా ఉన్న జాక్సన్ వీధి చుట్టూ వాళ్ల కిరాణా కొట్లు, బేకరీలు, నగల దుకాణాలు, టైలర్ షాపులు లేచాయి. అదే లిటిల్ సైగాన్. ఎర్ర పడవ నిలిచింది ఆ పేటలోనే.

ఆ ఊరికి ఫో ఇప్పుడు స్థానిక తిండి అయిపోయింది. ముసురు పట్టే ఊరు కదా, నవంబరు నుంచి మార్చి దాకా చినుకులు ఆగవు. వేడి రసానికి అంతకంటే మంచి వాతావరణం ఏముంటుంది? సియాటిల్ ఫో హోటళ్లలో మరెక్కడా లేని వింత అలవాటు ఒకటుంది. కొన్నిచోట్ల గిన్నెతోపాటు క్రీమ్ పఫ్ ఉచితంగా పెడతారు. థాన్ బ్రదర్స్ అనే హోటళ్ల వరుస దీన్ని ప్రసిద్ధం చేసింది. ఘాటైన పులుసుకూ, ఆ తీపి బుడగకూ ఏం సంబంధమో నాకిప్పటికీ అంతుపట్టదు కానీ, అది లేకపోతే ఊరివాళ్లు అలుగుతారట.

రాత్రంతా పొయ్యి మీదే

ఫో వంటగదిలో అసలు పని జనం నిద్రపోయే వేళ జరుగుతుంది. కాలి ఎముకలు, మూలుగ ఎముకలు పెద్ద డేగిసాలో వేసి ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోస్తారు. ఎముకలను ఒక్కొక్కటీ కడిగి, మళ్లీ చన్నీళ్లలో వేసి పొయ్యి ఎక్కిస్తారు. ఉల్లిగడ్డలు, అల్లం కొమ్ములు నేరుగా మంట మీద పైతొక్క నల్లబడేదాకా కాల్చి, మసి గీకి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు, నల్ల యాలకులు పొడి మూకుడులో వేయించి గుడ్డ సంచిలో కట్టి దించుతారు. కాస్త పటికబెల్లం, చేపల సాసు. ఇక మంట సన్నం. తెర్లకూడదు, మధ్యమధ్య ఒక బుడగ వస్తే చాలు. తెర్లితే రసం మబ్బుగా అయిపోతుంది, మబ్బు పట్టిన రసం వడ్డిస్తే వంటవాడి పరువు పోతుంది. పైకి తేలే నురగను గరిటెతో తీస్తూనే ఉండాలి. ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు, కొందరైతే ఇంకా పైన. ఆ చేపల సాసుకు ఇంకో ఏడాది కలుపుకోవాలి. ఫూక్వాక్ దీవిలో నెత్తళ్లలాంటి చిన్న చేపలను ఉప్పుతో పెద్ద చెక్క పీపాల్లో ఇంచుమించు పన్నెండు నెలలు ఊరబెట్టి ఆ ఊటను తీస్తారు.

నూడుల్స్‌దీ చిన్న పనేం కాదు. నానిన బియ్యాన్ని పల్చగా రుబ్బి, మరిగే కుండ మూతికి బిగించిన గుడ్డ మీద గరిటెతో పరుస్తారు. ఆవిరికి క్షణాల్లో రేకు అవుతుంది. మన ఆత్రేయపురం అమ్మలు బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే చేతివాటం చూసినవాళ్లకు ఇదేం కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే వాళ్ల రేకు మెత్తగానే ఉంటుంది, దాన్ని మడిచి రిబ్బన్లుగా కోస్తారు.

వడ్డించేటప్పుడు చూడాలి. జల్లి గరిటెలో నూడుల్స్‌ని మరిగే నీళ్లలో ముంచి, నాలుగు విదిలింపులు విదిలించి గిన్నెలో బోర్లిస్తారు. పైన కాగితంలా కోసిన పచ్చి మాంసం పొరలు, ఉల్లికాడలు. దాని మీద సలసల కాగే రసం పోయగానే ఎర్రటి పొర అంచుల నుంచి లోపలికి గోధుమ రంగుకు తిరుగుతుంది. మాంసం ఉడికేది ఆ గిన్నెలోనే. కోడిమాంసంతో చేసేదాన్ని ఫో గా అంటారు. గొడ్డుమాంసం తినని మనవాళ్లు అడగాల్సింది దాన్నే.

పులుసుకు ఒక లెక్క, పెగ్గుకు ఒక లెక్క

ఇంత చాకిరీ చేసిన గిన్నెకు ఎంత తీసుకోవాలి? ఇక్కడే చిక్కు. వలస వచ్చినవాళ్ల వంట చవగ్గా ఉండాలని అమెరికాలో ఒక అలిఖిత చట్టం. అదే ఎముకల రసాన్ని ఫ్రెంచి పేరుతో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెడితే ఎవరూ నోరెత్తరు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆహార అధ్యయనాలు బోధించే కృష్ణేందు రే 2016లో 'ది ఎత్నిక్ రెస్టారటర్' అని ఒక పుస్తకమే రాశారు. వంట ధర రుచిని బట్టి కాక, వండే జాతికి సమాజంలో ఉన్న హోదాను బట్టి కుదురుతుందని ఆయన వాదన. జపాన్ ఆర్థికంగా ఎదిగేకొద్దీ జపాన్ వంట ఖరీదు కూడా పెరిగింది. వియత్నాం, చైనా, భారత్ వంటలు ఏళ్ల తరబడి మెట్టు కిందే ఉండిపోయాయి.

మరోవైపు ఖర్చులు ఆగవు. 2025లో సియాటిల్ కనీస వేతనం గంటకు 20.76 డాలర్లు. అద్దె, మాంసం, గ్యాసు సరేసరి. తొలితరం ఈ లెక్కను ఎలా నెట్టుకొచ్చిందంటే, తమ కష్టానికి జీతం వేసుకోకుండా. అమ్మ వంటగదిలో, నాన్న గల్లాపెట్టె దగ్గర, బడి నుంచి వచ్చిన పిల్లలు బల్లలు తుడుస్తూ. వారానికి ఏడు రోజులు. చవక గిన్నె వెనక ఉన్న రహస్యం ఇంతే. పిల్లలు చదువుకుని పెద్దవాళ్లయ్యాక ఆ బేరం మళ్లీ కుదరదు. ఎందుకు కుదరాలి?

ఇప్పుడు గ్లాసు లెక్క చూడండి. అమెరికా పెద్ద నగరాల్లో ఒక గిన్నె ఫో ధరా, ఒక కాక్‌టెయిల్ ధరా ఇంచుమించు ఒకటే. గిన్నెకు రాత్రంతా పొయ్యి మండాలి, గ్లాసుకు మూడు నిమిషాలు చాలు. హోటల్ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. వంటకం ధరలో సరుకు ఖర్చే మూడో వంతు దాకా పోతుంది, కాక్‌టెయిల్‌లో అది ఐదో వంతు దగ్గర ఆగుతుంది. ఫో తినేవాడు ఇరవై నిమిషాల్లో లేచిపోతాడు. పైన కూర్చున్నవాడు రెండో గ్లాసు చెబుతాడు, నంజుకోవడానికి ఏదో ఒకటి తెప్పించుకుంటాడు. కింద గిన్నె ధర పెంచి పాత ఖాతాదారును తరిమేయనక్కర్లేకుండా పైన మిగిలింది నిలబెడుతుంది. మన దగ్గర కూడా టిఫిన్ల మీద కంటే కాఫీ మీదే మిగులుతుందని ఏ హోటల్ యజమానిని అడిగినా చెబుతాడు.

సీసాలోకి దిగిన వంటిల్లు

అయితే బారంటే నాలుగు విస్కీ సీసాలు అలంకరించడం కాదు. గిన్నెలో ఉన్న సరుకే గ్లాసులోకి దిగితేనే దానికి ఆ ఇంట్లో చోటు. ఈ విషయంలో దారి చూపింది అమెరికా కూడా కాదు, హనోయ్. అక్కడ ఫామ్ తియెన్ తియెప్ అనే బార్టెండర్ 2012లో 'ఫో కాక్‌టెయిల్' తయారుచేశాడు. నిలువెత్తు లోహపు స్టాండుకు ఒకదాని కింద ఒకటిగా గిన్నెలు, వాటిలో దాల్చినచెక్క, అనాసపువ్వు, యాలకులు. జిన్‌ను, నారింజ లిక్కర్‌ను కలిపి నిప్పంటించి పైనుంచి పోస్తే నీలి మంట మసాలాల మీదుగా ధారగా కిందికి దిగుతుంది. తాగేవాడికి ముందు వచ్చేది ఫో బండి దగ్గరి వాసనే. మాంసం లేదు, నూడుల్స్ లేవు. 'పైలట్ లేని ఫో' అని నవ్వుకున్న ఊరికి ఇది తగిన కాక్‌టెయిలే!

అమెరికా బార్టెండర్ల చేతిలో ఇంకో విద్య ఉంది, మద్యానికి కొవ్వు పట్టించడం. 2007 ప్రాంతంలో న్యూయార్క్‌లో డాన్ లీ అనే బార్టెండర్ పందిమాంసపు కొవ్వును బర్బన్ విస్కీలో కలిపి దీనికి పేరు తెచ్చాడు. పద్ధతి సులువు. కరిగించిన గోరువెచ్చని కొవ్వును మద్యంలో పోసి బాగా కలిపి కొన్ని గంటలు వదిలేస్తారు. తర్వాత ఫ్రీజర్‌లో పెడతారు. మద్యం గడ్డకట్టదు, కొవ్వు గడ్డకట్టి పైన తెల్లని బిళ్లలా నిలుస్తుంది. దాన్ని తీసి, మిగిలింది వస్త్రంలో వడగడితే జిడ్డు పోయి వాసన, నాలుక మీద ఓ నునుపు మిగులుతాయి. రాత్రంతా ఎముకలు మరిగే ఇంట్లో పైకి తేలే కొవ్వుకు కొదవా? అంతవరకూ డబ్బాల్లోకి ఎత్తి పారేసేదానికి విలువ వచ్చింది. ఎముకలతో మొదలైన వంటకు ఇంతకంటే తగిన కొనసాగింపు ఏముంటుంది? దీనికి నిమ్మగడ్డి, చింతపండు, పాండన్ ఆకు, డబ్బాపాలు కలిపిన చిక్కటి కాఫీ తోడైతే వియత్నాం కిరాణా కొట్టంతా బారు కౌంటరు మీద ఉన్నట్టే.

ఒక సంగతి ఒప్పుకోవాలి, మన ఊళ్లలో 'బార్ అండ్ రెస్టారెంట్' అన్న బోర్డు చూస్తే ఆడవాళ్లు, పిల్లలతో వచ్చినవాళ్లు రోడ్డు దాటి అవతలికి పోతారు. ఫ్యామిలీలు కూర్చోవాలంటే వేరే గది, దానికి వేరే మెట్లు. వియత్నాంలో ఈ గీత అంత గట్టిగా లేదు. సాయంత్రం పూట ఫుట్‌పాత్ మీద చిట్టి ప్లాస్టిక్ స్టూళ్లేసుకుని ఆ రోజు కాచిన పల్చటి బీరు 'బియా హోయ్' తాగుతూ, నత్తలో వేయించిన వేరుశనగో నంజుకుంటూ గంటలు గడపడం వాళ్ల సామాజిక జీవితం. అక్కడ తిండి లేకుండా తాగుడు ఉండదు. సియాటిల్ బారుకు ఆ వాసన కూడా అంటింది. పీకలదాకా తాగడానికి వచ్చేవాడు ఇక్కడికి రాడు, అదే డబ్బుకు బయట రెండింతలు దొరుకుతుంది.

ముందు నడిచినవాడు

ఈ బాటకు ముందే గుర్తులు వేసినవాడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని చార్లెస్ ఫాన్. దలాత్ పట్టణంలో పుట్టాడు. 1975లో ఇల్లు వదిలి సరుకు ఓడలో బయటపడి, గువామ్‌లో కొంతకాలం గడిపి, 1977లో కుటుంబంతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ చదివి, అది వదిలేసి 1995లో వలెన్సియా వీధిలో 'స్లాంటెడ్ డోర్' తెరిచాడు. అక్కడ తోబుట్టువులు, బంధువులే సిబ్బంది. మంచి మాంసం, రైతుల దగ్గర కొన్న కూరలు, మంచి వైన్లు, ఆ తర్వాత పేరున్న బారు. వియత్నాం తిండికి ఇంత ధరా అన్నవాళ్లకు ఆయన జవాబు పళ్లెంలోనే పెట్టాడు. 2004లో ఫెర్రీ బిల్డింగ్‌కి మారాక అది ఆ ఊరికే ఒక ఆనవాలు అయింది. 2014లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ దాన్ని దేశంలోనే అత్యుత్తమ రెస్టారెంట్‌గా ఎంపిక చేసింది. ఫాన్ 2025 జనవరిలో 62 ఏళ్లకే చనిపోయాడు.

ఫాన్ పద్ధతి గొప్పదే కానీ ఎర్ర పడవ పిల్లలు చేసింది నాకు ఇంకా నచ్చుతుంది. ఫాన్ కొత్తగా మొదలుపెట్టాడు, వీళ్లు ఉన్నదాన్ని మూయకుండా పక్కన కట్టారు. సూప్ షాప్‌లో గిన్నె పక్కన నేచురల్ వైన్ దొరుకుతుంది. పాత పడవను కూల్చలేదు, కరోనా తర్వాత వెల్లుల్లి, చేపల సాసు పట్టించిన వేపుడు కోడి, అన్నం వడ్డించే కొట్టుగా మళ్లీ తెరిచారు. అమ్మానాన్నలు శాండ్‌విచ్‌ల నుంచి ఫోకి మారినట్టే, ఆ పడవలో పిల్లలు ఫో నుంచి ఇంకోదానికి మారారు. మార్పే ఆ ఇంటి ఆచారం.

మన అనాసపువ్వు ఎక్కడిది?

సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పుణ్యం. వాళ్లలో చాలామందికి జలుబు చేస్తే చారు తర్వాత గుర్తొచ్చేది ఫోనే. మసాలా పరిచయమైందే కావడం దానికి ఒక కారణం. మన బిర్యానీలో వేసే అనాసపువ్వులో పెద్ద వాటా వియత్నాం నుంచే వస్తుంది. చైనా సరిహద్దున ఉన్న లాంగ్‌సోన్ కొండల్లో ఆ చెట్లు దట్టంగా ఉంటాయి, వాళ్ల పంటకు పెద్ద కొనుగోలుదారు మన దేశమే. దాల్చినచెక్క పేరుతో మన కిరాణాల్లో దొరికే మందపాటి చెక్క కూడా చాలావరకు అటునుంచి వచ్చేదే. కాబట్టి ఫో గిన్నె మీద ముఖం పెట్టగానే బిర్యానీ తలపుకొస్తే ఆశ్చర్యం లేదు, రెండూ ఒకే కొండ సరుకు.

అమెరికాలో మన హోటళ్లకు వచ్చే ప్రశ్నా ఇదే. బిర్యానీ, వారాంతపు బఫే, 'ఎంత పెట్టినా తక్కువ ధరకే' అన్న పోటీ. తొలితరం యజమాని తన చెమటను లెక్కలో వేసుకోకుండా నడుపుతున్నాడు. కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోతే కొట్టు అమ్మకానికి పెట్టడమే మిగులుతుంది. ఆ పిల్లల్లో ఒకరు తిరిగి వచ్చి గోంగూరతో గ్లాసు నింపుతానంటే, పెద్దలు కోప్పడకుండా కౌంటరు ఇచ్చి చూడాలి.

ఇక సియాటిల్ వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. గిన్నె రాగానే సాసులు కుమ్మరించకండి, ముందు రెండు చెంచాల రసం ఉత్తిగా తాగండి. వంటవాడు రాత్రంతా మేలుకున్నది దానికోసమే. ఆకులు చేత్తో తుంచి వేసుకోవాలి, నిమ్మ చివర్లో. మందు అలవాటు లేనివాళ్లు పుల్లటి నిమ్మ సోడా గానీ, డబ్బాపాల ఐస్ కాఫీ గానీ అడగొచ్చు. శాకాహారులు 'ఫో చాయ్' అని చెప్పాలి. అయినా రసంలో చేపల సాసు పడిందేమో వడ్డించేవాళ్లను ఒకసారి అడిగాకే చెంచా ముంచండి.